శూన్యమాసంలో యంత్రప్రవేశం

18 డిసెంబరు 1986, గురువారం

మా సహకార చక్కెర కర్మాగారానికి కంప్యూటరు వచ్చింది. లారీ నుంచి గది వరకు పదిహేడుమంది మోశారు. బరువు అంత లేదు, ఫొటో తీస్తున్నారు.

ఇకమీదట చెరకు రైతులకు కోత ఉత్తర్వులు ఈ యంత్రమే ఇస్తుంది. ఎవరు ఏ రకం చెరకు ఏ రోజున నాటారో ముందుగా దానికి చెప్పి ఉంచాలి. పక్వానికి వచ్చిన తోట ఏదో అదే లెక్క కట్టి, ఫలానా రైతు కోసి తీసుకురావచ్చునని కాగితం అచ్చు వేస్తుంది. చెరకు విభాగం సూపరింటెండెంటుగా ఇన్నేళ్లూ ఆ పని నేను చేశాను. నా స్థానంలోకి వచ్చినవారికి స్వాగతం పలికే బాధ్యతను కూడా నాకే అప్పగించడమైనది.

ప్రారంభోత్సవానికి ఒక అడ్డంకి ఏర్పడింది. ఇది ధనుర్మాసం. దీని వెనకాలే పుష్యం, అంటే శూన్యమాసం. మాఘం వచ్చేవరకు మంచిరోజు లేదని సిద్ధాంతిగారు తేల్చారు. చెరకు క్రషింగు మాత్రం మొదలైపోయింది. ప్రెసిడెంటు బుల్లబ్బాయి గారు (వయసు అరవై దాటింది) కొంతసేపు ఆలోచించి, కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు వెంకటసుబ్బారావు గారిని పిలిచారు.

"ఇందులో తారీఖు ఉంటుందాండీ?"

"ఉంటుందండి. లోపల గడియారం ఉంది. బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా ఆగదండి."

"మార్చొచ్చా?"

"మార్చొచ్చండి."

"అయితే ఫిబ్రవరి అయిదు పెట్టండి. అదీ గురువారమే. పదీ ఇరవైకి దివ్యమైన ముహూర్తం. మనకి ధనుర్మాసమైతే అయింది, దానికి మాఘమాసం."

బోర్డు సభ్యులందరూ ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ఆ చూపులో భక్తి ఉంది. పూజ కాగానే తారీఖు వెనక్కి పెట్టేస్తానని ఇంజనీరు గారు అన్నారు. పదీ ఇరవైకి కొబ్బరికాయ కొట్టారు. హారతి పళ్లెం నేను పట్టుకున్నాను. భోజనాల్లో కందబచ్చలి కూర బాగా కుదిరింది. ఇంజనీరు గారు రెండోసారి వడ్డించుకుని, మూడున్నర బస్సుకు వెళ్లిపోయారు.

యంత్రం నడపడానికి రాజమండ్రిలో రెండు నెలలు శిక్షణ పొందినవారు మా టైపిస్టు సువార్తమ్మ గారు ఒక్కరే. ఆవిడ భర్త పోయి ఆరేళ్లయింది. శుభకార్యం దృష్ట్యా, హారతి పూర్తయ్యేవరకు వరండాలో ఉండవలసిందిగా ఆవిడను కోరడమైనది. ఉన్నారు. నేను ఒక కుర్చీ తీసుకువెళ్లి వేశాను. ఏదో అనబోయాను కూడా. ఇంతలో పళ్లెం చల్లారిపోతోందని పిలిచారు, లోపలికి వచ్చేశాను.

కుర్చీ వేయడం నా విధుల కిందికి రాదు. రికార్డు పూర్తిగా ఉండడం కోసం రాస్తున్నాను.

19 డిసెంబరు

యంత్రం ఉన్నది చల్లగది. చెప్పులు బయట విడవాలి. మన కర్మాగారంలో ఈ మర్యాద ఇంతవరకు ఏ అధికారికీ జరగలేదు.

నిన్న యంత్రం తెర మీద పసుపు రాసి మూడు బొట్లు పెట్టారు. వాటి వెనకాల పడిన అక్షరాలు కనపడవు. సువార్తమ్మ గారు మెడ పక్కకు వంచి చదువుకుంటున్నారు. ప్రెసిడెంటు గారి చేతి బొట్టు గనుక తుడిచే అధికారం ఎవరికీ లేదు.

20 డిసెంబరు

యంత్రం ఇంకా ఒక్క కాగితమైనా అచ్చు వేయకముందే డిస్పాచి సెక్షను వారు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. కాగితాల మీద తేదీ వేయడం వారి హక్కట. గుండ్రటి రబ్బరు ముద్ర వారి దగ్గర ఉంది, ఇంకుపెట్టె కూడా ఉంది. యంత్రమే తేదీ వేస్తే ఆ ముద్ర ఏం కావాలని ప్రశ్న. న్యాయంగానే తోచింది. ఇంజనీరు గారికి ఫోను చేస్తే, తెర మీదా కాగితం మీదా తేదీ రాకుండా చేసే పద్ధతి చెప్పారు. సువార్తమ్మ గారు చేశారు. డిస్పాచి వారు శాంతించారు.

నేను ఆ గదిలో రోజూ ఒక గంట కూర్చోవడం పర్యవేక్షణ దృష్ట్యా అవసరమని భావించడమైనది.

25 డిసెంబరు

క్రిస్మస్ సెలవు. యంత్రం గదికి తాళం సరిగ్గా పడిందో లేదోనని వెళ్లి చూశాను. పడింది.

26 డిసెంబరు

సువార్తమ్మ గారు కేకు ముక్కలు తెచ్చారు. అందరికీ ఒక్కొక్కటి, నాకు రెండు, ఒకటి మా అక్కయ్యకట. సాయంత్రం ఆ సంగతి చెబితే అక్కయ్య (పేరు సత్యలక్ష్మి, నా భార్య పోయిన దగ్గర్నుంచి ఈ ఇల్లు ఆవిడే నడుపుతోంది) పొట్లం విప్పి చూసింది.

"ఇందులో ఒకటిన్నరే ఉందేంట్రా?"

"దారిలో ఆకలేసింది."

"నీ ముక్క ఉంచుకుని నాది తిన్నావా? ఎవరు చేసిందేంటి?"

"మా ఆఫీసులో టైపిస్టు గారు."

"ఓహో," అంది అక్కయ్య. ఆ ఓహోకు జవాబు ఇవ్వవలసిన అవసరం లేదు గనుక ఇవ్వలేదు.

30 డిసెంబరు

పల్లంరాజు గారు వచ్చారు. ఊరి చివర నాలుగెకరాల చెరకు తోట. చేతిలో ఒక గడ ఉంది. చెప్పులు విడిచి చల్లగదిలోకి వచ్చి, నాకు ఒక ముక్క విరిచి ఇచ్చారు.

"ఆయ్, ఇదేంటండీ?"

"చెరకండి."

"నేనూ అలాగే అనుకుని నాటానండి. నమిలి చెప్పండి."

సూపరింటెండెంటు హోదాలో నమిలాను. నీళ్లలా ఉంది.

"పండలేదండి," అన్నాను.

"మీ మిషను పండిందని కాగితం పంపిందండి. మా ఆవిడ నమిలి, పండలేదు కొయ్యొద్దంది. ముప్ఫయ్యేళ్లలో ఆవిడ మాట ఒక్కటీ కాదన్లేదండి నేను. ఈసారి ఫ్యాక్టరీ కాగితం కదా అని కాదని, అరెకరం కోసేశాను. ఇప్పుడు ఇంటికెలా వెళ్లమంటారండీ?"

మిగిలింది కోయవద్దని నా చేత్తో రాసి ఇచ్చాను. ఆయన ఆ కాగితం చూసుకుని, "ఇది మా ఆవిడకి చూపిస్తాను. నా మాట ఎలాగూ నమ్మదు," అని వెళ్లిపోయారు.

సువార్తమ్మ గారు పల్లంరాజు గారి పేరు తెర మీదకు తెప్పించి, బొట్టు పక్కనుంచి వంగి, నాటిన తేదీ చదివారు. తేదీ సరిగ్గానే ఉంది. రెండోసారి చదివారు.

3 జనవరి 1987

ఇది ఒక్క పల్లంరాజు గారి సంగతి కాదు. ల్యాబులో రసం పలచగా వస్తోందని కెమిస్టు జీవరాజు గారి నివేదిక. యంత్రం పచ్చిచెరకును పిలుస్తోంది.

ఇంజనీరు గారికి ట్రంకాల్ చేశాను. లైను కలిసేసరికి మధ్యాహ్నమైంది.

"ప్రోగ్రాంలో తప్పుండదండి. మీ కాన్ఫిగరేషన్లో ఏదో తేడా ఉంది. మొత్తం ఒకసారి చెక్ చేయించండి," అన్నారు.

"కాన్ఫిగరేషనంటే ఏంటండీ?" అని బుల్లబ్బాయి గారు నన్ను అడిగారు. తెలుసుకుని ఈ విధంగా మనవి చేశాను: మన కర్మాగారం ఆచారాలేమిటో యంత్రానికి నేర్పడం. ఏ రకం చెరకు ఎన్ని నెలలకు పండుతుంది, ఏ ఊరు ఏ జోను, రోజుకు ఎన్ని బళ్లు, ఇలాంటివి.

"మరి మన ఆచారాలు దానికెవరు నేర్పారు?"

"సువార్తమ్మ గారండి."

"ఊఁ," అన్నారు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

5 జనవరి

పరిశీలన ప్రారంభించడమైనది. పద్ధతి ఇది: ఆవిడ తెర మీద ఉన్నది చదువుతారు. నేను మా పాత కాగితాలతో పోల్చి టిక్కు పెడతాను. మేము ముగించేవరకు రైతులకు కొత్త ఉత్తర్వులు నా సంతకం లేకుండా వెళ్లకూడదు.

ముందుగా రకాలు. తొందరగా పండేవి, మధ్యరకం, ఆలస్యంగా పండేవి. నెలలన్నీ సరిపోయాయి. తప్పు దొరకలేదు.

తప్పు దొరకనందుకు విచారించవలసి ఉండగా, అంతగా విచారించలేదు. ఇంకా జోన్లు ఉన్నాయి.

7 జనవరి

జోన్లు. తప్పు లేదు.

సువార్తమ్మ గారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, తర్వాత అదెక్కడుందని వెతుక్కుంటారు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు. వెతుక్కోనిచ్చాను.

8 జనవరి

ఆవిడ తేగలు తెచ్చారు. ఉడకబెట్టినవి, పాత పేపరులో చుట్టి. యంత్రం గదిలో తినరాదని నియమం ఉంది, రాసినది నేనే. అందుచేత ఇద్దరం వరండాలోకి వెళ్లి తిన్నాం. పద్దెనిమిదో తారీఖున నేను వేసిన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఎవరూ లోపల పెట్టలేదు. ఆవిడ అందులో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

"మీ అత్తగారికి ఎలా ఉందండీ?" అని అడిగాను. భర్త పోయాక కూడా ఆవిడ అత్తగారితోనే ఉంటున్నారు.

"ఉందండి. చూపు పూర్తిగా పోయింది. కానీ ఇంట్లో గుమ్మాలన్నీ ఆవిడ కాళ్లకి తెలుసండి. వంటింటి గుమ్మం ఎత్తు, పెరటి గుమ్మం పల్లం. ఒక్కసారీ తడబడదు. నేనే తట్టుకుంటాను."

తేగ లోపలి లేత మొలకను, చందమామను, చీల్చి నాకు సగం ఇచ్చారు. నేను వద్దన్నాను. వద్దంటూనే తీసుకున్నాను.

10 జనవరి

బళ్ల సంఖ్య, కాటా, తూకం పట్టిక. తప్పు లేదు. రోజుకు రెండు గంటలు చాలని ముందు అనుకున్నప్పటికీ, సంస్థ ప్రయోజనాల దృష్ట్యా రోజంతా పరిశీలించడం ఉత్తమమని తేలింది.

12 జనవరి

రైతుల నాటు తేదీలు, రామచంద్రపురం వైపు పల్లెల నుంచి మొదలుపెట్టి. తప్పు లేదు.

అక్కయ్య: "ఒరే కుక్కుటం, చల్లగదిలో కూర్చుని కూర్చుని నీకు జలుబు కూడా రావడం లేదేంట్రా? ఏటా పుష్యమాసంలో మంచమెక్కేవాడివి."

పుట్టినప్పుడు కుక్కుటేశ్వరరావు అని పేరు పెట్టింది మా తాతగారు. దాన్ని కుక్కుటం చేసింది ఈవిడ.

13 జనవరి

బుల్లబ్బాయి గారు పిలిపించారు.

"దొరికిందా తప్పు?"

"ఇంకా లేదండి."

"దొరక్కపోతే అది మిషనుదా, మనిషిదా?"

"విచారణ జరుగుతోందండి."

"చూడండి సూపర్నెంటు గారూ. మిషనుకి ఏడాది వారంటీ ఉంది. కాబట్టి తప్పు దానిది కాదు. మరి మిగిలిందెవరు? బోర్డులో రైతులు నన్ను తింటున్నారు. ఇరవై నాలుగున మీటింగు. ఈలోగా మీకు తప్పు దొరికితే సరే. లేదంటే ఆవిణ్ణి జంగారెడ్డిగూడెం దగ్గర మన విత్తన క్షేత్రానికి పంపించేద్దాం. అక్కడ మిషన్లుండవు, హాయిగా ఉంటారు."

అక్కడ చుట్టూ పొగాకు తోటలు. ఊళ్లోకి వెళ్లాలంటే రెండు బస్సులు. అద్దె ఇల్లు. కొత్త గుమ్మాలు.

ఆవిడకు చెప్పవలసిన పని నాదేనని చెప్పారు.

చెప్పాను. ఆవిడ యంత్రం వైపు చూసి, "సరేనండి," అన్నారు. తర్వాత, "ఇంకా ఏ పట్టిక మిగిలిందండీ?" అన్నారు.

14, 15, 16 జనవరి

పండుగ సెలవులు. మూడు రోజులు అనవసరం.

19 జనవరి

మొత్తం ముగిసింది. ఒక్క తప్పూ లేదు. అన్నీ నేర్పినట్టే ఉన్నాయి.

ఈ నెలంతా నేను కోరుకున్నదేమిటో ఇక్కడ రాయడం సమంజసం కాదు. తప్పు ఇప్పుడే దొరకకూడదని కోరుకున్నవాడు ఎవడైనా ఉంటే, వాడికి ఆ కోరిక తీరింది. ఇప్పుడు వాడు ఏం చేస్తాడో చూడాలి.

21 జనవరి

బోర్డుకు ముందే ఉత్తర్వు టైపయింది. టైపు చేయవలసినవారు ఆవిడే కనుక, ఆవిడ బదిలీ ఉత్తర్వును ఆవిడే టైపు చేశారు. మార్జిన్లు సమంగా ఉన్నాయి.

యంత్రం అప్పగింత నోటు రేపటిలోగా ఇవ్వాలి. నేను దాన్ని అంగీకరించి సంతకం చేయాలి.

22 జనవరి

ఇది క్రమంగా రాయాలి.

అప్పగింత నోటును ఆవిడ యంత్రంలోనే తయారుచేశారు. అందులో ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం వేరే ఉంది. ఇంతవరకు దానితో ఎవరికీ పని పడలేదు. ఆ కాగితం డిస్పాచికి వెళ్లలేదు, నేరుగా నా బల్ల మీదకు వచ్చింది.

దాని మీద సంతకం చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇష్టం లేని కాగితాన్ని ఏం చేయాలో ఇన్నేళ్ల సర్వీసులో నేర్చుకున్నాను. అందులో ఏదో ఒక లోపం చూపించి వెనక్కి పంపాలి. ఒక్కసారి పంపితే ఒక పూట గడుస్తుంది. అందుకని లోపం కోసం వెతికాను. భాష బాగుంది. వివరాలు పూర్తిగా ఉన్నాయి. ఆవిడ కాగితంలో లోపం దొరకడం కష్టమని నాకు తెలుసు. చివరికి పైన ఒకటి దొరికింది.

కాగితం మీద "తేదీ సరికాదు. సవరించి సమర్పించునది" అని రాసి, నేనే తీసుకువెళ్లి ఇచ్చాను.

ఆవిడ చూశారు. పైన మార్చి పన్నెండు అని ఉంది.

"నేను వేయలేదండి," అన్నారు. "ఈ ప్రోగ్రాంలో తేదీ అదే వేసుకుంటుంది."

"మార్చి పన్నెండని ఎందుకు వేసుకుంటుందండీ?"

"ఇవాళ మార్చి పన్నెండని అది అనుకుంటోంది కాబట్టి."

ఇద్దరం యంత్రం వైపు చూశాం. నేను బొట్ల వైపు చూశాను. మొదటి రెండు రోజులూ తెర మీద తేదీ పడిన చోటు వాటి వెనకాలే.

పూజ కాగానే వెనక్కి పెట్టేస్తానన్నారు ఇంజనీరు గారు. తర్వాత కందబచ్చలి, తర్వాత మూడున్నర బస్సు. ఏడు వారాలు. సరిగ్గా ఏడు వారాలు కనుక వారం పేరు కూడా మారలేదు. తేదీ కనపడకుండా మనమే మూసేశాం. ప్రతి తోటా ఏడు వారాలు పెద్దదైపోయిందని ఇది నిజాయితీగా నమ్మి, పచ్చిచెరకును పిలిచింది. మేము నేర్పిన ఆచారాలన్నీ సరిగ్గానే నేర్చుకుంది. మొదటి రోజు నేర్పిన ఆచారం ఒక్కటి మా పట్టికల్లో లేదు.

అదంతా ఆవిడకు చెప్పాను.

"తారీఖు మార్చారా?" అన్నారు. "ఎప్పుడండీ?"

"హారతికి ముందు."

"అప్పుడు నేను..." అని ఆగారు.

అప్పుడు ఆవిడ వరండాలో ఉన్నారు. గదిలో ఉండి ఉంటే ఆ సాయంత్రమే వెనక్కి తిప్పేవారు. యంత్రం నడపడం తెలిసిన ఒకే ఒక్క మనిషిని బయట కూర్చోబెట్టి యంత్రాన్ని ప్రారంభించాం. కుర్చీ కూడా వేశాం.

ఆవిడ నోటు వెనక్కి తీసుకుని, నేను రాసిన వాక్యం మళ్లీ చదివారు. "మీరు దీన్ని తేదీ కోసమే వెనక్కి పంపారాండీ?"

"లోపం లోపమేనండి," అన్నాను.

చాలా రోజుల తర్వాత నవ్వారు.

23 జనవరి

బోర్డుకు నివేదిక రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతి ఇలా వచ్చింది: "యంత్రాంతర్గత తేదీ ముందుకు జరిగియున్నట్లు తెలియవచ్చినది."

బాగుంది. ఎవరికీ నొప్పి లేదు. రెండోసారి చదివితే అదే దాని లోపమని తెలిసింది. మా కార్యాలయ భాషలో పనులు వాటంతట అవే జరుగుతాయి. శిక్షలు మాత్రం పేరున్న మనుషులకు పడతాయి. బదిలీ ఉత్తర్వులో ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా ఉంది.

చింపేశాను. ఎవరు ఏం చేశారో వరసగా రాశాను. అరపేజీ కూడా రాలేదు. ఇంత పొట్టి నివేదిక నేను ఎన్నడూ ఇచ్చి ఉండలేదు.

అక్కయ్య చదివి వినిపించమంది. విని, "బుల్లబ్బాయి గారు నీ ఉద్యోగం పీకేస్తాడా?" అంది.

"పీకకపోవచ్చు."

"పీకితే రావులపాలెం వెళ్లి అరటి గెలలు అమ్ముకుందాం. చదువుకో, ఇంకోసారి చదువు. ఆ వరండా ముక్క."

24 జనవరి

బోర్డు మీటింగు. నివేదిక చదివాను.

బుల్లబ్బాయి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఏంటంటారండీ? నా ముహూర్తం బాగోలేదంటారా?"

"ముహూర్తానికి వంక లేదండి. యంత్రం ఇంకా అందులోంచి బయటికి రాలేదు."

ఒక డైరెక్టరు గారు దగ్గారు. అది దగ్గు కాదు.

"తారీఖు తేడాగా ఉంటే ఆవిడ చూసుకోవాలి కదండీ?"

"తారీఖు మార్చమన్నది తమరండి. మార్చింది ఇంజనీరు గారు. పళ్లెం పట్టుకుని అంతా చూస్తూ నిలబడ్డది నేను. ఆవిడ ఆ గదిలో లేరండి. ఉండకూడదన్నాం. ఆ తర్వాత తారీఖు కనపడకుండా చేయమని చెప్పింది కూడా నేనే. ఈ నలుగురిలో ఎవరో ఒకరిని జంగారెడ్డిగూడెం పంపాలంటే, ముందున్న మూడు పేర్లూ అయ్యాక ఆవిడ పేరు వస్తుందండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కూర్చోమని ఎవరూ అనకుండానే కూర్చున్నాను.

బుల్లబ్బాయి గారు రైతుల తరఫు డైరెక్టర్ల ముఖాలు ఒక్కొక్కటే చూశారు. ఎవరూ ఆయనకు సాయం రాలేదు. ఆఖరికి ఆయన పెదవి చివర కదిలింది.

"మా నాన్నగారు నా పెళ్లికి కూడా ఇలాగే గోడ గడియారం ముందుకి తిప్పించారండి," అన్నారు. "పెళ్లికూతురి వాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు." అప్పుడు అందరూ నవ్వారు, ఆయనతో సహా.

బదిలీ ఉత్తర్వు రద్దయింది. లేచి వెళ్లబోతూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. "ఆ బొట్లు తుడిపించండి. ఆవిడ మెడ వంచి చదువుతున్నారటగా. నివేదిక రాసేముందు నాకో మాట చెప్పొచ్చు కదండీ."

"చెప్పాలండి," అన్నాను.

27 జనవరి

ఇంజనీరు గారు వచ్చారు. తారీఖు సరిచేశారు. చాలా సిగ్గుపడ్డారు, భోజనానికి ఉండమన్నా ఉండలేదు.

ఒక చిక్కు మిగిలింది. రోజు లెక్క ఒకసారి మూసేశాక, అంతకన్నా వెనకటి తేదీతో ఏమి రాసినా యంత్రం ఒప్పుకోదట. అది మార్చి నెల దాకా వెళ్లి లెక్కలు మూసేసింది. మనం ఆ తేదీకి చేరేవరకు దాన్ని ఆపి ఉంచాలి.

"అంటే ఇప్పుడు మనం వెళ్లి దాన్ని కలుసుకోవాలన్నమాట," అన్నారు సువార్తమ్మ గారు.

అంతవరకు ఉత్తర్వులు చేత్తో రాయాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఇద్దరు ఉన్నారు.

30 జనవరి

మాఘం వచ్చింది.

యంత్రానికి గుడ్డ కప్పి, దాని బల్లకు అటూ ఇటూ కూర్చుని రాస్తున్నాం. ఆవిడ పేరూ ఊరూ రాస్తారు, నేను తోట చూసి వచ్చి సంతకం చేస్తాను. పల్లంరాజు గారి తోటకు ఇంకా టైముంది. ఆయన భార్య నమిలి చెప్పినప్పుడు కాగితం ఇస్తామని కబురు పంపాం.

వరండా కుర్చీని లోపలికి తెచ్చాను. ఆవిడ ఇప్పుడు కూర్చుంటున్నది అందులోనే.

4 ఫిబ్రవరి

"రేపేంట్రా? ఇస్త్రీ చొక్కా తీశావు," అంది అక్కయ్య.

"రేపు పదీ ఇరవైకి మంచి ముహూర్తం ఉంది."

"దేనికి?"

"యంత్రం వాడి విడిచిపెట్టింది. అసలు రోజున ఎవరూ వాడుకోవడం లేదు. ఊరికే పోతుందని."

అక్కయ్య వత్తులు చేసుకుంటోంది. చాలాసేపు చేసుకుంది.

"ఆవిడ ఆదివారం చర్చికి వెళ్తుంది కదా?"

"వెళ్తారు."

"అయితే ఆదివారం వంట నేను చేసి ఉంచుతాను. వాళ్లత్తగారిని కూడా తీసుకుని ముగ్గురూ ఇక్కడికే రండి. ఆవిడకి కంద పడుతుందేమో కనుక్కో. కొందరికి గొంతు దురద." లేచి దీపం దగ్గరికి వెళుతూ, "నీ గదిలో ఉన్న మరదలి ఫొటో గురించి బెంగపడకు," అంది. "తను ఉంటే ఈపాటికి తనే నిన్ను తిట్టేది."

5 ఫిబ్రవరి, గురువారం

పదీ ఇరవై.

ఏం మాట్లాడాలో మూడు అంశాలుగా సిద్ధం చేసుకున్నాను. మొదటి అంశం గుర్తుకు రాలేదు.

"సువార్తమ్మ గారూ, మీకు కంద పడుతుందాండీ?" అన్నాను.

ఆవిడ కలం ఆపారు. నా చొక్కా చూశారు. గోడ గడియారం చూశారు. ఆవిడకు ఏదీ రెండుసార్లు చెప్పనక్కర లేదు.

"మా అత్తగారిని వదిలి ఎక్కడికీ రానండి," అన్నారు మెల్లగా. "ఆవిడ ఆ ఇల్లు వదలలేదు."

"ఆవిడ వదలనక్కర లేదండి. నేనే వస్తాను. గుమ్మాలు నేర్చుకునే వయసు నాకింకా ఉంది."

ఆవిడ తల వంచుకున్నారు. కలం చెవి మీద పెట్టుకుని, వెంటనే దాని కోసం బల్ల మీద వెతికారు. నేను చెప్పలేదు.

"వంటింటి గుమ్మం ఎత్తండి," అన్నారు కాసేపటికి. "తలకి కూడా తగులుతుంది. మొదట్లో దెబ్బలు తప్పవు."

"సరేనండి."

"ఇవాళే ఎందుకడిగారు?"

"ముహూర్తమండి. మొన్నటిదాకా శూన్యమాసం కదా. మంచిది కాదని ఆగాను."

అప్పుడు తలెత్తి, నా వైపు, పట్టికలో వరస తప్పిన అంకె వైపు చూసినట్టు చూశారు.

"మాకు శూన్యమాసాలు లేవండి సూపర్నెంటు గారూ. ఆ రోజు వరండాలో కుర్చీ వేసి ఏదో అనబోయారు చూడండి, అప్పుడే అని ఉన్నా సరిపోయేది."

సాయంత్రం. విచారణ ముగించడమైనది. ఏడు వారాల ఆలస్యానికి యంత్రానిది బాధ్యత కాదు. ముహూర్తానిదీ కాదు. పళ్లెం చల్లారిపోతుందని లోపలికి వెళ్లిపోయినవాడిదే.